తేలినీలాపురం పక్షుల్ని చూసి రావడం ఎలా? నౌపడా ఉప్పు మళ్ల మీదుగా భావనపాడు దాకా ఒక రోజు

సంక్రాంతికి ఇంటికొచ్చే చుట్టాలు ప్రతి ఏడూ ఇదే అడుగుతారు: "తేలినీలాపురం వెళ్లాం కదా, ఏమీ లేవే!" ఎప్పుడు వెళ్లారయ్యా అంటే ఒకరు మే నెల అంటారు. ఇంకొకరు జనవరిలోనే వెళ్లారు గానీ మధ్యాహ్నం బిర్యానీ తిని, మూడింటికి బయల్దేరి, పది నిమిషాలు తలెత్తి చూసి, సెల్ఫీ దిగి వచ్చేశారు. పక్షులున్నాయి, వీళ్లకే తీరిక లేదు. అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే ఓపిక నాకూ అయిపోయింది కాబట్టి మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

మొదట ఒక మాట. ఇది టికెట్టు కొని గేటు దాటితే మొదలయ్యే పార్కు కాదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలో ఒక మామూలు ఊరు. ఊరి చెట్ల మీదే గూళ్లు, చుట్టూ చెరువులు, పొలాలు, ఆ దిగువన నౌపడా చిత్తడి నేల, ఉప్పు మళ్లు, చివర భావనపాడు దగ్గర సముద్రం. ఇదంతా కలిపి ఒక రోజు ప్రయాణంగా పెట్టుకుంటేనే బాగుంటుంది. చెట్లొక్కటే చూసి తిరిగొస్తే సగమే చూసినట్టు.

దగ్గర ఉండాల్సినవి

- బైనాక్యులర్లు. కొత్తగా కొనేటట్టయితే 8×42 అని రాసి ఉన్నవి చాలు. 20 రెట్లు, 30 రెట్లు అని అమ్మే చవక రకాలు చేతిలో ఊగిపోతాయి, ఏమీ కనబడదు. అసలు లేకపోయినా ఫరవాలేదు, గూళ్లు మరీ దూరం కావు.
- తలకి టోపీ గానీ తువ్వాలు గానీ. ఎండకే కాదు, కారణం కింద చెబుతాను.
- మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ఉప్పు మళ్ల దగ్గర చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క ఉండదు.
- కాలికి పట్టి ఉండే చెప్పులు లేదా పాత బూట్లు. హవాయి చెప్పులు వద్దు.
- చేతికర్ర ఒకటి.
- మట్టి రంగు, ఆకుపచ్చ, బూడిద రంగు బట్టలు. పెళ్లికి వెళ్లే చీరలు, మెరిసే చొక్కాలు ఇంకో రోజుకి ఉంచండి.
- చిన్న నోటుబుక్కు, పెన్సిలు. ఫోన్లో రాసుకుంటే ఫోన్లోనే ఉండిపోతారు.

1. ముందు నెల కుదుర్చుకోండి

గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఇక్కడికి సెప్టెంబరు, అక్టోబరు నెలల నుంచి చేరడం మొదలుపెడతాయి. గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి మార్చి, ఏప్రిల్‌కల్లా వెళ్లిపోతాయి. నన్నడిగితే డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. అప్పటికి పిల్లలు గూళ్లలోంచి తల బయటపెట్టే సైజుకి వస్తాయి, చెట్టంతా గోలగా ఉంటుంది. ఉత్తరాది చలి దేశాల నుంచి దిగే బాతులు, ఉల్లంకులు (నీటి ఒడ్డున మేసే పిట్టలు) కూడా అదే సమయంలో చిత్తడి నేలల్లో ఉంటాయి.

అక్టోబరు, నవంబరుల్లో వెళ్లొచ్చు గానీ అది మనకి తుఫాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటల్ని ఎలా పడగొట్టిందో ఇక్కడెవరూ మర్చిపోలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వినబడితే ప్రయాణం వాయిదా వేయండి. వానలు సరిగ్గా పడక చెరువులు నిండని ఏడు పక్షులూ తగ్గుతాయి, బయల్దేరే ముందు టెక్కలి వైపు తెలిసినవాళ్లెవరికైనా ఫోన్ చేసి కనుక్కోండి.

2. ఎలా చేరుకోవాలి

శ్రీకాకుళం కాంప్లెక్సులో పలాస వైపు వెళ్లే ఏ బస్సెక్కినా టెక్కలిలో దిగొచ్చు, జాతీయ రహదారి మీద సుమారు 50 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఆటో. ఆటోవాడితో రాకపోకలకీ, ఆగి ఉండడానికీ కలిపి ముందే బేరం మాట్లాడుకోండి. "దింపెయ్యి చాలు" అన్నారో, తిరిగొచ్చేటప్పుడు ఆ రోడ్డు మీద మీరూ, మేకలూ తప్ప ఎవరూ ఉండరు.

విజయనగరం వాళ్లకి రైలు నయం. నౌపడా జంక్షన్లో ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు ఆగవు, పలాస పాసింజరు, గుణుపూర్ పాసింజరు లాంటివి ఆగుతాయి. వేళలు మారుతుంటాయి కాబట్టి ఆ రోజు సంగతి ఆ రోజే చూసుకోండి. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన బుల్లిబండి లైను మొదలయ్యేది ఈ నౌపడాలోనే. ఇప్పుడది పెద్ద లైను అయిపోయింది. రైలు దిగాక స్టేషన్ బయట ఆటో దొరుకుతుంది.

సొంత బండి అయితే ఊరి మొదట్లోనే ఆపేసి నడవండి. గూళ్ల చెట్ల కిందికి కారు తీసుకెళ్లి హారన్ కొట్టినవాళ్లని చూశాను. కారు అద్దం మీద పక్షులు ఏం రాసి పంపాయో కూడా చూశాను.

3. తెల్లారేసరికి అక్కడ ఉండండి

ఆరున్నరకి ఊళ్లో ఉండాలి. ఇది కష్టమే, ముఖ్యంగా విజయనగరం నుంచి వచ్చేవాళ్లకి. కుదరకపోతే ముందు రోజు రాత్రి టెక్కలిలోనో పలాసలోనో ఉండిపోండి.

పొద్దున్నే ఎందుకంటే గూడబాతు బరువైన పక్షి, అయిదు కిలోల దాకా తూగుతుంది. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది. అంత బరువుని రెక్కలాడిస్తూ ఎంత దూరమని మోస్తుంది? నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలయ్యాక, ఆ గాలి మీద గిరికీలు కొట్టుకుంటూ ఎత్తుకి పోయి, అక్కడి నుంచి జారుకుంటూ మేతకి పోతుంది. కాబట్టి తొమ్మిదీ పది దాకా చెట్ల మీద సందడి, ఆ తర్వాత ఆకాశంలో సుడులు. రెండూ చూడాలంటే ఆరున్నర నుంచి పది దాకా అక్కడే ఉండాలి. మధ్యాహ్నం వచ్చేవాళ్లకి కాపలా ఉన్న ఒక్కో పక్షీ, నిద్రపోతున్న పిల్లలూ మిగులుతాయి. పొద్దున్న కుదరనే కుదరదంటే సాయంత్రం నాలుగు తర్వాత రండి, మేత నుంచి తిరిగొచ్చేవి కనబడతాయి.

4. ఊళ్లో ఎలా మెలగాలి

పక్షులు దిగితే ఆ ఏడు పంటలు బాగుంటాయని ఇక్కడివాళ్ల నమ్మకం. చేపల కంపు, పెరట్లో తెల్లటి మరకలు, రాత్రంతా ముక్కుల టకటక, ఇవన్నీ ఆ నమ్మకం మీదే భరిస్తున్నారు. మీరు వాళ్ల గుమ్మం ముందు నిలబడి ముక్కు మూసుకోకండి. పెరట్లోంచి బాగా కనబడుతుందనిపిస్తే అడిగి వెళ్లండి, కాదనరు.

గూడున్న కొమ్మల కింద నిలబడొద్దు, కూర్చోవద్దు, తినొద్దు. మొదటిసారి వెళ్లినప్పుడు మేం చింతచెట్టు కింద చల్లగా ఉందని ఇడ్లీ పొట్లాలు విప్పాం. పక్క ఇంటి ముసలమ్మ వాకిలి చిమ్ముతూ ఆగి, "తినండి తినండి బాబూ, పైనించి సట్నీ కూడా ఏస్తాయవి" అంది. అన్నంతసేపు పట్టలేదు. అప్పుడప్పుడూ సగం అరిగిన చేపలు కూడా రాలతాయి. తువ్వాలు తెచ్చుకోమన్నది అందుకే. గొడుగు పనికిరాదు, ఫట్‌మని తెరిస్తే చెట్టు చెట్టంతా లేస్తుంది.

చప్పట్లు కొట్టి, రాయి విసిరి పక్షుల్ని లేపి ఫోటో తీయడం అనే పాడు అలవాటు ఉంది. పెద్ద పక్షి భయపడి లేచిందంటే గూట్లో గుడ్లని కాకి ఎత్తుకుపోతుంది, రెక్కలు రాని పిల్లలు కంగారులో కిందపడతాయి. కిందపడ్డ పిల్లని తల్లి పైకి తీసుకెళ్లలేదు. గుడ్లకీ గూళ్లకీ హాని చేయడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. డ్రోన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

చచ్చిన పక్షి గానీ పడిపోయిన పిల్ల గానీ కనబడితే ముట్టుకోకండి. అక్కడుండే అటవీ శాఖ కాపలావాళ్లకి చెప్పండి. 2022 జనవరి ప్రాంతంలో ఇక్కడ గూడబాతులు చాలా చచ్చిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి పోయిన నులిపురుగులే కారణమని తేలింది. ఇలాంటివి తొందరగా తెలిస్తేనే ఏదైనా చేయగలిగేది.

5. ఒక చెట్టు ఎంచుకుని కూర్చోండి

అసలు పని ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. చూసే మంచె ఉంది, ఎక్కండి, ఓసారి చుట్టూ చూసి దిగిపోండి. తర్వాత సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా, బాగా గూళ్లున్న ఒక్క చెట్టు ఎదురుగా ముప్ఫై నలభై అడుగుల దూరంలో కూర్చోండి. మొదటి పావుగంట పక్షులు మిమ్మల్ని చూస్తాయి. తర్వాత మర్చిపోతాయి. అప్పుడు మొదలవుతుంది.

గూడబాతు మేతతో దిగగానే పిల్ల ఆత్రంగా తల్లి ముక్కు సంచిలోకి తలంతా దూర్చేస్తుంది. మెడ దాకా లోపలికి పోయి, రెక్కలు టపటపలాడిస్తుంది. మొదటిసారి చూసేవాళ్లకి తల్లే పిల్లని మింగేస్తోందనిపిస్తుంది. ఎర్రకాళ్ల కొంగ అలా కాదు, తెచ్చిన చేపల్ని గూట్లో కక్కేస్తుంది, పిల్లలు ఏరుకుని తింటాయి. మధ్యాహ్నం ఎండ మరీ ఎక్కువైతే కొంగలు రెక్కలు సగం విప్పి పిల్లలకి నీడ పడతాయి. అలా గొడుగు పట్టినట్టు కదలకుండా నిలబడ్డ కొంగని అరగంట చూశాను ఒకసారి. నాకే కాళ్లు పట్టేశాయి, దానికి కాదు.

బైనాక్యులర్లు మసగ్గా కనబడుతున్నాయంటే చాలాసార్లు తప్పు సర్దుకోవడంలోనే. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో ఒక కొమ్మని చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకోండి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, అదే కొమ్మని కుడి కంటితో చూస్తూ కుడి గొట్టం దగ్గరున్న చిన్న రింగు తిప్పండి. ఇక ఆ రింగు జోలికి పోవద్దు, మధ్య చక్రం ఒక్కటే వాడండి. కళ్లద్దాలున్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుని కిందికి దించాలి.

6. ఏది ఏమిటో గుర్తుపట్టడం

గూడబాతు: బూడిద కలిసిన తెలుపు, పొట్టి కాళ్లు, పెద్ద ముక్కు, దాని కింద సంచి. పై ముక్కు అంచున వరసగా నల్లచుక్కలు. మడిలోకి నీళ్లు తోడే గూడ లాంటి సంచి కాబట్టే ఈ పేరు వచ్చిందని నా లెక్క.

ఎర్రకాళ్ల కొంగ: పేపర్లో పెయింటెడ్ స్టార్క్ అని రాసేది ఇదే. పసుపు ముక్కు కొసన కాస్త వంగి ఉంటుంది, ముఖం నారింజ రంగు, రొమ్ము మీద నల్ల పట్టీ, తోక దగ్గర గులాబీ ఈకలు. పిల్లల్లో గులాబీ ఉండదు, మట్టి రంగులో ఉంటాయి. వాటిని వేరే జాతి అనుకుని నోటుబుక్కులో రాసేసుకుంటారు చాలామంది, నేనూ రాసుకున్నాను.

ఇవి కాక నీటికాకులు, నారాయణ పక్షులు, తెల్ల కొంగలు, లకుముకి పిట్టలు చెరువు గట్ల మీద ఎప్పుడూ ఉంటాయి.

మీ పక్కన ఎవరో ఒకరు "ఇవి సైబీరియా పక్షులు" అని తప్పకుండా అంటారు. కాదు. ఈ రెండూ మన ఉపఖండంలోనూ, ఆ పక్కనున్న ఆగ్నేయ ఆసియాలోనూ ఉండేవే. నీళ్లూ చేపలూ ఉన్న చోటికి తిరుగుతుంటాయి, నెల్లూరు వైపు నేలపట్టులోనూ గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి చలికి దిగే పక్షులు ఇక్కడ గూడు పెట్టవు, మళ్లీ ఉత్తరానికి పోయి వేసవిలో అక్కడే పెడతాయి. గూట్లో పిల్ల కనబడిందంటే అది మన పక్షే. గొడవ తెగడానికి ఇది చాలు.

7. పదింటికి నౌపడా ఉప్పు మళ్లకి

ఉప్పు మళ్లు జనవరి చివర నుంచి ఎండాకాలం దాకా పనిలో ఉంటాయి. ఉప్పుకయ్య నీళ్లు మళ్లలోకి వదిలి, ఎండకి చిక్కబడ్డాక పొడుగు కర్రకి కట్టిన పలకతో ఉప్పు గట్టుకి లాగుతారు. చుట్టూ తెల్లటి కుప్పలు. పొడుగు ఎర్ర కాళ్ల ఉల్లంకులు ఆ పలచటి నీళ్లలో సూదులతో కుట్టినట్టు పొడుచుకుంటూ తిరుగుతాయి. చిన్న ఉల్లంకులు గుంపుగా లేచి, గుంపుగా తిరిగి, ఒక్కసారే తెల్లగా మెరిసి మళ్లీ దిగుతాయి. చలికాలం బాతులుంటే కాస్త లోతున్న నీళ్లలో దూరంగా ఉంటాయి, దగ్గరికి పోవడానికి ప్రయత్నించకండి.

గట్ల మీద నడిచే ముందు పనివాళ్లని అడగండి. పెద్ద గట్లు, బండి బాటలు ఫరవాలేదు. సన్న గట్లు ఎక్కొద్దు, విరిగితే ఒక మడి నీళ్లు ఇంకో మడిలోకి పోతాయి, వాళ్ల రోజుల కష్టం పోతుంది. చెప్పులతో మడిలోకి అసలే దిగొద్దు, అది మనం తినే ఉప్పు.

8. బురద జాగ్రత్త

దీనికి విడిగా నంబరు ఎందుకంటే ఒక చెప్పు ఇక్కడే పోగొట్టుకున్నాను. ఒడ్డున నేల పైన తెల్లగా ఎండి, నెర్రెలు విచ్చి, గట్టిగా ఉన్నట్టే ఉంటుంది. కాలు పెడితే పైపొర అప్పడంలా విరిగి, కింద నల్లటి జిగురు మట్టిలోకి మోకాలు దిగిపోతుంది. కాలు బయటికొచ్చింది, చెప్పు రాలేదు. నౌపడా దాకా ఒంటి చెప్పుతో నడిచాను.

కర్ర తెచ్చుకోమన్నది ఇందుకే. ముందు కర్ర గుచ్చండి. జానెడు దిగితే అటు పోవద్దు. ఉప్పునీటి కలుపు మొక్కలు, పశువుల గిట్టల జాడలు ఉన్న చోట నేల గట్టి. దిగబడిపోతే గింజుకోకండి, వెనక్కి వాలి కూర్చుని ఒక్కో కాలూ నెమ్మదిగా లాక్కోండి. పిల్లల్ని గట్టు దాటనివ్వద్దు.

9. సాయంత్రం భావనపాడు

మధ్యాహ్నం భోజనానికి టెక్కలి వెళ్లి కాసేపు నడుం వాల్చి, మూడున్నరకి భావనపాడు బయల్దేరండి. మూలపేట పోర్టు పనుల లారీలు ఈ వైపు తిరుగుతుంటాయి, బైకు మీద వచ్చేవాళ్లు చీకటి పడకముందే తిరిగిపోవడం మంచిది.

సముద్రం తూర్పున కాబట్టి సాయంత్రం ఎండ మీ వెనక ఉంటుంది, పడవల మీద వాలే గరుడ పక్షులు బాగా కనబడతాయి. మొగ (ఏటి నీళ్లు సముద్రంలో కలిసే చోటు) దగ్గర స్నానానికి దిగొద్దు, పైకి నెమ్మదిగా కనబడినా లోపల లాగేస్తుంది. అలవాటున్న పల్లెవాళ్లే అక్కడ చూసి దిగుతారు.

జనవరి నుంచి మార్చి దాకా తెల్లవారుజామున ఈ తీరంలో ట్రాక్టరు టైరు జాడలాంటిది నీళ్లలోంచి ఇసుక మీదికి వెళ్లి మళ్లీ నీళ్లలోకి వచ్చిందంటే, రాత్రి తాబేలు గుడ్లు పెట్టి వెళ్లిందన్నమాట. ఆ జాడ చివర తొక్కొద్దు, తవ్వొద్దు. గుడ్లు పిల్లలవడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది.

సరిగ్గా చూశారో లేదో తేల్చుకోవడం

ఇంటికెళ్లే దారిలో మీరే అడుక్కోండి. గూడబాతు ముక్కు మీద చుక్కలు చూశానా? పిల్ల మేత ఎలా తింది? ఎర్రకాళ్ల కొంగ పిల్ల ఏ రంగు? మీరు కూర్చున్న చెట్టు మీద ఎన్ని గూళ్లు? ఇందులో రెండింటికి జవాబు రాకపోతే మీరు తిరిగారు, చూడలేదు.

గూళ్ల లెక్క చాలామందికి తప్పుతుంది. పై కొమ్మ నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి ఒకసారి లెక్కపెట్టి రాసుకోండి. పది నిమిషాలాగి కుడి నుంచి ఎడమకి మళ్లీ. రెండు లెక్కలకీ రెండు మూడు తేడా ఉంటే సరే. పది తేడా వచ్చిందంటే ఖాళీ గూళ్లని ఒకసారి కలిపారు, ఒకసారి వదిలేశారు. పక్షి గానీ పిల్ల గానీ ఉన్నవాటినే లెక్కపెట్టండి. ఫోటో తీసుకుని ఇంటిదగ్గర లెక్కపెడతానంటారు కొందరు. కొమ్మల వెనకున్నవి ఫోటోలో రావు.

వానాకాలంలో రావాల్సి వస్తే

సెలవు జూలైలోనో ఆగస్టులోనో దొరికినవాళ్లు తేలినీలాపురం వద్దు, ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి వెళ్లండి. రెండు పేర్లూ కలిపేసుకుని ఒక ఊరికి బదులు ఇంకో ఊళ్లో దిగినవాళ్లున్నారు, బస్సులో పేరు సరిగ్గా చెప్పండి. అక్కడ నత్తగుల్ల కొంగలు తొలకరితో వచ్చి గూళ్లు కట్టి, నవంబరు, డిసెంబరుల్లో వెళ్లిపోతాయి. పద్ధతంతా ఒకటే: పొద్దున్నే వెళ్లడం, ఒక చెట్టు దగ్గర కూర్చోవడం, తువ్వాలు కప్పుకోవడం. వర్షానికి సంచీలో ఒక ప్లాస్టిక్ కవరు అదనంగా పెట్టుకోండి. ఎదిగిన నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తల్ని పట్టుకోవడానికి పనికొచ్చే సందు అది. పిల్లల ముక్కుకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. సెప్టెంబరులో వెళితే ఒకే చెట్టు మీద రెండు రకాల ముక్కులూ కనబడతాయి.